ధర్మసంస్థల వెబ్‌సైట్లు ఎట్లుండవలెను?

లాభాపేక్ష లేక పరోపకారమునకై స్థాపింపబడిన సంస్థలు మన తెలుగు జిల్లాలలో అనేకములు కలవు. అనాథ శరణాలయములు, కంటి ఆసుపత్రులు, అంధ బధిర పాఠశాలలు, వృద్ధాశ్రమములు, పేద విద్యార్థులకు వేతనములిచ్చు సంఘములు మొదలగునవి ఇట్టివి. పూర్వము ఇట్టి సంస్థను గుఱించి తెలిసికొనగోరినవాడు దాని వాకిటికి పోయి, బోర్డు చదివి, గుమాస్తా నడిగి సంగతులు కనుగొనుచుండెను. నేడు అట్లు కాదు. వాకిటికి పోకమునుపే ఫోను తెరమీద దాని పేరు వెదకుచున్నాడు. అక్కడ కనబడు వెబ్‌సైటే ఆ సంస్థకు తొలి వాకిలి. సత్రమెంత గొప్పదైనను, దాని తలుపెక్కడనో తెలియనిచో బాటసారి కేమి ప్రయోజనము?

ఈ వాకిలిని మన ధర్మసంస్థలు సరిగా నిర్మించుకొనుట లేదనియు, దానివలన నష్టపోవువారు సంస్థల పెద్దలు కాక పేదలేయనియు నా అభిప్రాయము. ధర్మసంస్థ యొక్క వెబ్‌సైటు మొట్టమొదట సహాయము కోరి వచ్చువానికొఱకు ఏర్పడవలెను. అతని కది సులభమైనచో దాతకును, పనివానికిని, విచారణకర్తకును తానుగా సులభమగును. ఈ మాటను నిరూపించుటకే ఈ వ్యాసము.

వెబ్బు పుట్టిన విధము మొదట తెలిసికొనుట మంచిది. స్విట్జర్లాండు దేశమున జెనీవా నగరము చెంత నున్న సెర్న్ అను పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్‌లీ అను ఆంగ్లేయుడు 1989లో దీనిని ప్రతిపాదించెను. వేఱువేఱు దేశములనుండి వేఱువేఱు యంత్రములతో వచ్చిన శాస్త్రజ్ఞులు ఒకరి వ్రాతలను మఱియొకరు చదువుకొనగలుగుటయే ఆయన యుద్దేశము. 1993 ఏప్రిల్ 30వ తేదీని సెర్న్ వారు ఈ సాధనమును ఎట్టి రుసుము లేకుండ లోకమునకంతకును విడిచిపెట్టిరి. ఏ యంత్రముతో వచ్చినవానికైనను చదువ శక్యమగుటయే వెబ్బునకు జన్మలక్షణము. ఈ లక్షణమును మొదట మఱచినది బీదవాని యంత్రమును త్రోసివేయు వెబ్‌సైటే.

ఇప్పుడు మన సంస్థల వెబ్‌సైట్లలో తఱచుగా కనబడునదేమి? తెఱచినవెంటనే పెద్ద పెద్ద ఛాయాచిత్రములు ఒకదానివెనుక నొకటి జరిగిపోవుచుండును. శాలువలు కప్పుట, దీపము వెలిగించుట, రిబ్బను కత్తిరించుట అందలి విషయములు. పిమ్మట అధ్యక్షులవారి సందేశము, కార్యదర్శిగారి సందేశము. అటుపిమ్మట సంస్థ యొక్క దర్శనము, ధ్యేయము అను రెండు ఇంగ్లీషు పేరాలు. చిరునామాకై వెదకినచో పుట అడుగున చిన్న బూడిదరంగు అక్షరములలో దొరకును. అక్కడి ఫోను నంబరు మాఱి మూడేండ్లై యుండును. రాబోవు కార్యక్రమములు అను శీర్షిక క్రింద ఎన్నడో గడచిపోయిన తేదీ నిలిచియుండును.

ఒక తల్లి నూహించుకొనుడు. ఆమెకు శ్రీకాకుళము జిల్లాలో ఒక పల్లె. కూలిపని జీవనము. ముసలితండ్రికి కంట శుక్లము వచ్చినది. ఉచితముగా శస్త్రచికిత్స చేయు ఆసుపత్రి యున్నదని వినినది. తొమ్మిదవ తరగతి చదువు కుమారుని చేతికి ఫోనిచ్చి చూడుమనినది. ఆమెకు కావలసిన సంగతులు ఆఱు మాత్రమే. ఎక్కడ? ఏ దినమున? ఎన్ని గంటలకు? ఏ కాగితములు తేవలెను? ఖర్చేమైన కలదా? ఎవరికి ఫోను చేయవలెను? ఈ యాఱింటికి జవాబు ఆ పుటపై దొరకనిచో ఆ కుటుంబము ఒక దినపు కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీ పెట్టుకొని, తప్పు దినమున ఆసుపత్రికి పోయి తిరిగివచ్చును. లేదా అసలే పోక ఊరకుండును. ఆ ముసలివాడు చూపు కోల్పోయినచో ఆ నష్టము ఏ జమాఖర్చులోను కనబడదు.

పేదలు వెబ్‌సైట్లు చూచుదురా అని కొందఱు ఆక్షేపింపవచ్చును. తాము చూడకపోయినను వారి పక్షమున చూచువారు కలరు. కుమారుడు చూచును, పొరుగింటి కళాశాల విద్యార్థి చూచును, ఊరి ఆశా కార్యకర్త చూచును, బడిపంతులు చూచును. ఒక్కరు చదివి పదిమందికి చెప్పుదురు. కనుక ఆ యొక్కరు తప్పుగా చదివినను, చదువలేకపోయినను పదిమందికి నష్టము.

కాబట్టి వెబ్‌సైటు సంస్కరణమునకు మొదటి నియమమిది: సహాయము కోరువాని ప్రశ్నలకు జవాబులు మొదటి పుటలో, మొదటి తెరలోనే, ఇతరములకన్న మీదుగా ఉండవలెను. ఫోను నంబరు బొమ్మగా గాక, వ్రేలితో తాకినంతనే పిలుపు పోవునట్లు అమర్పవలెను. ఈ విషయమున 1098 అను నంబరు మనకు మంచి పాఠము. ఆపదలోనున్న బాలలకొఱకు 1996లో బొంబాయి నగరమున టాటా సామాజిక శాస్త్రముల సంస్థనుండి చైల్డ్‌లైను సేవ ఆరంభమైనప్పుడు, చదువురాని వీధిబాలునికైనను నోట నిలుచునట్లు పది, తొమ్మిది, ఎనిమిది అని దిగివచ్చు నంబరును స్వీకరించిరి. కోరువాని పక్షమున నిలిచి ఆలోచించుట యనగా ఇదియే.

రెండవ నియమము భాషను గుఱించినది. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు. మన జిల్లాలలో పనిచేయు సంస్థ తన పుటను ఇంగ్లీషున మాత్రము వ్రాసికొనుట, తెలుగువాని వాకిట తెలియని భాషలో బోర్డు కట్టుటవంటిది. కొన్నియేండ్ల క్రిందట దీనికి సాకుండెను. ప్రతి ముద్రాపకుడును తన సొంత అక్షరమాలను వాడుచుండుటచేత ఒక యంత్రమున వ్రాసిన తెలుగు మఱియొక యంత్రమున గజిబిజిగా కనబడుచుండెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంపుటముననే తెలుగు లిపికి స్థానము లభించినది. నేడు సామాన్యపు ఫోనులు సైతము దానిని చూపగలవు. ఉచితముగా లభించు చక్కని తెలుగు అక్షరరూపములును పెక్కులు కలవు. ఇక సాకు లేదు.

అయితే తెలుగులో వ్రాసిన కరపత్రమును ఫొటో తీసి పుటలో అంటించుట తెలుగున వ్రాయుట కాదు. బొమ్మలోని అక్షరములను వెదకుటకు వీలులేదు; పెద్దవిగా చేసినచో అలికినట్లగును; అంధునికి చదివి వినిపించు యంత్రమునకు అవి కనబడవు. ఇంగ్లీషు పుటను యంత్రముచేత తెనిగించి, ఎవరును చదివి చూడక ప్రకటించుటయు తగదు. ఆసుపత్రి మాటలలో ఒక్కటి తప్పిపోయినను రోగికి హాని కలుగవచ్చును. ఆ ఊరి మాట తెలిసిన మనుష్యుడు వ్రాసి, మఱియొకడు చదివి దిద్దవలెను. పుటలోని తెలుగు ఇట్టి వ్యాసములలోని తెలుగువలె గాక, ఇంట మాటలాడు తెలుగుగా నుండుటయే యుక్తము.

మూడవ నియమము బరువును గుఱించినది. వెబ్ పుటకును బరువు కలదు. ఒక్కొక్క తెలుగు సంకేతమునకు సాధారణముగా మూడు బైట్లు పట్టును. రెండువేల సంకేతములుగల పుటకు ఆఱువేల బైట్లు, అనగా ఇంచుమించు ఆఱు కిలోబైట్లు చాలును. ఫోనుతో తీసి చిన్నదిగా చేయక ఎక్కించిన ఛాయాచిత్రమొక్కటి సులభముగా మూడు మెగాబైట్లుండును. లెక్కించి చూడుడు: ఒక శాలువా బొమ్మ బరువు ఐదువందల పుటల వ్రాతకు సమానము! సెకనుకు 256 కిలోబిట్లు మాత్రమే పాఱు బలహీనపు సిగ్నలులో అట్టి బొమ్మ యొక్కటి దిగుటకు ఒకటిన్నర నిమిషము పట్టును. అట్టివి ఐదు వరుసగా నున్నచో ఏడెనిమిది నిమిషములు. ఏజెన్సీ గ్రామమున గుట్టెక్కి సిగ్నలు పట్టుకొన్నవాడు అంతసేపు నిలుచునా? బొమ్మలను వంద కిలోబైట్లకు కుదించుట నేటి విద్యార్థికి క్షణములోని పని. కావలసినది శ్రద్ధ మాత్రమే.

నాల్గవ నియమము అవయవలోపముగల వారిని గుఱించినది. 2011 లెక్కలలో మన దేశమున అట్టివారు 2.68 కోట్లు, వారిలో చూపునకు సంబంధించిన లోపముగలవారు దాదాపు 50 లక్షలు. వీరిని ఆదుకొనుటకే ఏర్పడిన సంస్థల వెబ్‌సైట్లు సైతము వీరికి చదువరానివిగా నుండుట విచారకరము. వెబ్బు నియమములు ఏర్పఱచు ప్రపంచ సంఘమువారు 1999లోనే ఇందుకై సూత్రములు ప్రకటించిరి. 2008, 2018, 2023 సంవత్సరములలో వానిని పెంపొందించిరి. అవి దుర్గ్రాహ్యములు కావు. అక్షరముల వెలుగునకును వెనుకటి రంగు వెలుగునకును గల నిష్పత్తి కనీసము 4.5కు 1 ఉండవలెనని ఒకటి. తెల్లనిదానిపై లేత బూడిదరంగు వ్రాతలు దీనికి విరుద్ధములు. ప్రతి చిత్రమునకును అందేమున్నదో తెలుపు మాటలు జతపఱుపవలెనని ఇంకొకటి. వ్రేలితో తాకవలసిన మీటలు మఱీ చిన్నవిగాను, ఒకదాని నొకటి అంటియు ఉండరాదని వేఱొకటి.

ఆ జతపఱచిన మాటలను చదివి వినిపించు సాధనములు నేడు ఖరీదైనవియు కావు. ఆస్ట్రేలియా దేశస్థుడును, తాను స్వయముగా అంధుడును అగు మైకేల్ కర్రన్ 2006లో ఆరంభించిన ఎన్‌వీడీఏ అను కంప్యూటరు సాధనము ఉచితముగా లభించుచున్నది. అదియు లాభాపేక్ష లేని సంస్థ నడుపునదే. ఆండ్రాయిడు ఫోనులలో టాక్‌బ్యాక్ అను సాధనము కలదు. ఎలక్ట్రానిక్ మాధ్యమములలోని విషయములు వికలాంగులకు అందుబాటులో నుండునట్లు ప్రభుత్వములు చూడవలెనని మన దేశపు 2016వ సంవత్సరపు చట్టమును విధించుచున్నది. చట్టము చెప్పినదానిని కరుణ ముందుగానే చేసియుండవలసినది.

ఇంతవఱకు సహాయము కోరువానిని గుఱించి చెప్పితిని. దాతల మాటయేమి? ధనము రానిదే సేవ సాగదు గదా, కావున దాతను ఆకర్షించుటయే ముఖ్యము గదా అని నిర్వాహకులు అందురు. ఈ వాదమున సత్యము కలదు, దానిని త్రోసిపుచ్చరాదు. కాని దాత కోరునదేమో విచారింపవలెను. అమెరికాలోని నీల్సన్ నార్మన్ గ్రూపు అను పరిశోధన సంస్థవారు ధర్మసంస్థల వెబ్‌సైట్లను పరీక్షించి 2009లో ఫలితములు ప్రకటించిరి. దాతలు అన్నిటికంటె మిక్కిలిగా కోరినవి రెండు: సంస్థ చేయు పనియేమి, ఇచ్చిన ధనమును ఎట్లు వాడుచున్నది. మొదటి ప్రశ్నకు మొదటి పుటలోనే జవాబిచ్చిన వెబ్‌సైట్లు నూటికి 43. రెండవదానికి జవాబిచ్చినవి నూటికి 4 మాత్రమే! చూచితిరా? దాతయు అలంకారమును కోరుట లేదు. పేదతల్లివలెనే అతడును తిన్నని జవాబునే కోరుచున్నాడు.

కాబట్టి ఏటేటి లెక్కలను, తనిఖీ చేసిన జమాఖర్చులను, ఇంతమందికి ఇంత ఖర్చైనదను వివరమును ఎల్లరు చదువునట్లు పుటలో ఉంచవలెను. రిజిస్ట్రేషను నంబరు తెలుపవలెను. విరాళమునకు క్యూఆర్ చిహ్నము పెట్టుట నేటి ఆచారము. కాని ఫోనులో పుటను చూచువాడు ఆ ఫోనుతోనే ఆ ఫోను తెరను ఎట్లు ఫొటో తీయగలడు? కనుక చిహ్నముతోపాటు యూపీఐ గుఱుతును అక్షరములలో వ్రాయవలెను. పుట చిరునామాలో భద్రతాచిహ్నము లేకపోయినచో మోసమేమోయని దాత వెనుదీయును, అది న్యాయమే. అట్టి భద్రతాపత్రములను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను లాభాపేక్ష లేని సంస్థ 2015 చివరినుండి ఉచితముగా ఇచ్చుచున్నది. ధనము లేదను సాకు ఇక్కడను చెల్లదు.

దాతను ఆకర్షించు పేరిట జరుగు అన్యాయ మొకటి కలదు. దానిని చెప్పక విడువరాదు. ఏడ్చుచున్న పిల్లవాని ముఖమును, కుష్ఠురోగి వ్రణమును, అనాథబాలిక పేరును ఊరును వెబ్‌సైటులో ప్రదర్శించి జాలి పుట్టించుట కొందఱకు అలవాటైనది. సంరక్షణావసరముగల బాలల విచారణాదులకు సంబంధించి వారి పేరు, చిరునామా, పాఠశాల, చిత్రము మొదలగు గుఱుతులు ప్రచురింపరాదని 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము 74వ సెక్షను విధించినది. చట్టమటుండనిండు. నేటి పిల్లవాడు రేపు ఇరువదియేండ్ల యువకుడై ఉద్యోగమునకు పోవును. అతని పేరు వెదకినప్పుడు చినిగిన చొక్కాతో చేయిచాచిన బొమ్మ బయటపడినచో అతని మనసెట్లుండును? కాగితపు నివేదిక బీరువాలో చెదలు తినిపోవును. వెబ్బులోని బొమ్మ అట్లు పోదు. మన బిడ్డ బొమ్మను ఎట్లు చూపుట కిష్టపడుదుమో, పరుల బిడ్డ బొమ్మను అట్లే చూపవలెను. అదియు అడిగి, అంగీకారము పొందిన పిమ్మటనే.

సాదా పుటను ఎవరు చూచుదురు, అందము లేనిచో జనులు రారు అను శంక మఱియొకటి కలదు. దీనికి సమాధానము మన కండ్లయెదుటనే యున్నది. 2001లో పుట్టిన వికీపీడియాను లాభాపేక్ష లేని సంస్థయే పోషించుచున్నది. 2003 డిసెంబరున తెలుగు వికీపీడియా మొదలైనది. అందు తెల్లని పుట, నల్లని అక్షరము, అవసరమైనచోట బొమ్మ, ఇంతియే. అయినను విద్యార్థులు, ఉపాధ్యాయులు, పత్రికలవారు నిత్యము దాని వాకిట నుందురు. వెదకినది దొరకుటయే వారి కందము. అందమును నేను నిరసించుట లేదు. చక్కగా తీర్చిన అక్షరము, తగినంత ఖాళీ, కన్నులకింపైన రంగు అన్నియు కావలసినవే. అవి చదువరికి త్రోవ చూపవలెనేగాని త్రోవకు అడ్డము రాకూడదు.

తుదకు, వెబ్‌సైటు మంచిదో కాదో తేల్చు విధమేమి? సంస్థ పెద్దలు సభచేసి చూచి మెచ్చుకొనుట పరీక్ష కాదు. వారికి జవాబులు ముందే తెలియును గదా. ఐదుగురు మనుష్యులను కూర్చుండబెట్టి పరీక్షించినచో దోషములలో అధికభాగము బయటపడునని జేకబ్ నీల్సన్ అను నిపుణుడు 2000లో వ్రాసెను. మనకు ఐదుగురు కొఱతయా? కావలివానిని, వంటమనిషిని, ఒక విద్యార్థి తల్లిని, కండ్లద్దాలు పెట్టుకొన్న తాతగారిని, పొరుగూరినుండి వచ్చిన యొకనిని పిలువుడు. వారి ఫోనే వారి చేతికిచ్చి, శిబిరమెప్పుడో కనుగొనుడని చెప్పి, మీరు నోరు మూసికొని చూచుచుండుడు. వారు తడబడినచోటనెల్ల తప్పు పుటదేగాని వారిది కాదు. దిద్ది మఱల పరీక్షింపుడు.

కట్టిన ఇంటిని నిత్యము ఊడ్వవలెను గదా. హాజరు పట్టీకి ఒక ఉపాధ్యాయుడు బాధ్యుడైనట్లు వెబ్‌సైటునకును ఒక బాధ్యుడుండవలెను. ప్రతి నెల మొదటి తేదీని ఫోను నంబరు మ్రోగుచున్నదా, తేదీలు సరియైనవేనా, విరాళపు మీట పనిచేయుచున్నదా అని చూచి పుట అడుగున ఆ తేదీ వేయవలెను. అర్ధగంట పనియే గాని, దానితో పుట బ్రతికియుండును.

విద్యార్థులారా, మీలో అనేకులు ఈ యంత్రవిద్యను మాకంటె చక్కగా ఎఱుగుదురు. మీ ఊరి శరణాలయమునకో, గ్రంథాలయమునకో, రక్తదాన సంఘమునకో ఒక పుట దిద్దిపెట్టుడు. ఒక బొమ్మ బరువు తగ్గింపుడు. ఒక బోర్డును తెలుగు చేయుడు. ఒక పాత నంబరును మార్చుడు. తల్లిదండ్రులారా, మీరు విరాళమిచ్చు సంస్థ వాకిటిని ఒకసారి పేదవాని కన్నులతో చూచి, లోపము కనబడినచో మర్యాదగా తెలియజేయుడు. మిషను కార్యాలయములందును ఆసుపత్రులందును పనిచేయు సోదర సోదరీమణులారా, మన బోర్డు ఎవరికి కనబడవలెనో వారికి కనబడుచున్నదా యని మనమును పరీక్షించుకొందము. ఉపకారము చేయ సిద్ధముగా నున్నవాడు ఇవతల, అది కావలసినవాడు అవతల నిలిచియుండగా నడుమ నున్నది ఒక్క తెర మాత్రమే. అది గోడగా మిగిలిపోకుండ చూచుట మన చేతిలోని పని.